సైనికుణ్ణి సాగనంపిన ఇల్లు
(ప్రసంగ పాఠం)



హుజూర్ సాహిబ్ నాందేడ్ రైల్వే స్టేషనులో అమృత్‌సర్ వెళ్ళే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరే వేళకు ప్లాట్‌ఫారమంతా గురుద్వారా దర్శనం ముగించుకొని పంజాబుకు తిరిగి వెళ్ళే యాత్రికులతో నిండి ఉంటుంది. వారి నడుమ ఒక్కొక్కసారి ఇనుప పెట్టె పక్కన నిలబడిన ఒక యువకుడు, అతని చుట్టూ ఇంటిల్లిపాదీ కనిపిస్తారు. సెలవు ముగిసి సరిహద్దు విధులకు వెళుతున్న సైనికుడతడు. తల్లి చేతిసంచిలోని మామిడికాయ తొక్కు సీసాను, కారప్పొడి పొట్లాన్ని మరొకసారి సర్దుతుంది. తండ్రి టికెట్టు మీది బోగీ సంఖ్యను మళ్ళీ మళ్ళీ చదువుతాడు. మనసులో ఎన్ని మాటలున్నా పైకి వచ్చేవి రెండే: “బిడ్డా, వేళకు తిను. చేరగానే ఫోన్ చెయ్యి.”

రైలు కదిలిన తరువాత ఇంటికి తిరిగి వచ్చే ఆ తల్లిదండ్రులను గురించినదే ఈ ప్రసంగం. సైనికుని ధైర్యాన్ని కీర్తించే సభలు ఎన్నో జరుగుతాయి. అతణ్ణి పంపి, తలుపు తీసుకొని, ఖాళీ అయిన మంచం వైపు చూసే కన్నవారి మనసును గురించి మాట్లాడుకొనే సందర్భాలు తక్కువ.

ఆ మనసులో గర్వముంది, భయమూ ఉంది. రెండూ నిజమైనవే. అయితే గర్వం చెప్పుకోవడానికి వీధి ఉంది, బంధువర్గముంది, పెళ్ళిళ్ళు పేరంటాలున్నాయి. భయం చెప్పుకోవడానికి మాత్రం చోటు దొరకదు. ప్రయాణమయ్యే వేళ కంటతడి పెట్టడం అశుభమని తెలుగు ఇళ్ళలో నమ్మిక. “నాకు భయంగా ఉంది” అంటే కొడుకు ధైర్యాన్ని తక్కువ చేసినట్లవుతుందేమోనని తల్లికి సంకోచం. ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పవలసినవాడు తానే కదా అని తండ్రి మౌనం. కూతురు సైన్యంలో చేరిన ఇంట్లోనైతే “ఆడపిల్లను ఎలా పంపారు?” అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పుకోవాలి. అందువల్ల భార్యాభర్తలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు రాత్రివేళ మేలుకొని ఉంటారు.

ఇది పిరికితనమని ఎవరైనా అనుకుంటే, వారు తెలుగువారి వీరగాథలను ఒకసారి తలచుకోవాలి. పదమూడవ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చినప్పుడు తల్లి అతనికి విరిగిన పాలు వడ్డించి నిందించిందని ఐతిహ్యం. ఆ తల్లి కథ అందరికీ తెలుసు. పల్నాటి వీరగాథలోని తల్లి వేరు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు కారెంపూడి రణరంగానికి బయలుదేరినప్పుడు తల్లి ఐతాంబ అతణ్ణి ఆపాలని ఎన్నో విధాల ప్రయత్నిస్తుంది. నోములు నోచి కన్న కొడుకు గడప దాటితే తిరిగి రాడేమోనని బెంగపడుతుంది. ఆ కథను తరతరాలుగా పాడినవారెవ్వరూ ఐతాంబను పిరికిదని అనలేదు. పౌరుషం చెప్పిన తల్లికీ, కొంగు పట్టి ఆపిన తల్లికీ తెలుగు కథలలో సమానంగా చోటు దక్కింది.

నాందేడ్ నగరం ఈ విషయాన్ని మరింత బాగా అర్థం చేసుకోగల స్థలం. గురు గోవింద్ సింగ్ తన చివరి దినాలు గడిపి 1708 అక్టోబరులో దేహం చాలించినది ఈ గోదావరి తీరానే. అంతకు నాలుగేళ్ళ ముందు, 1704 డిసెంబరులో, చమ్‌కౌర్ వద్ద శత్రుసేనలు చుట్టుముట్టినప్పుడు ఆయన పెద్ద కుమారులు అజిత్ సింగ్, జుఝార్ సింగ్ పోరులో ప్రాణాలర్పించారు. వారిని దీవించి యుద్ధానికి పంపినది కన్నతండ్రే. చిన్నకుమారులు జోరావర్ సింగ్, ఫతే సింగ్ ఆ నెలలోనే సర్‌హింద్‌లో బలయ్యారు. వారి స్మృతికై 2022 నుంచి దేశమంతటా డిసెంబరు 26న వీర్ బాల్ దివస్ జరుపుతున్నారు. సచ్‌ఖండ్ ముందు తల వంచే ప్రతి ఒక్కరూ నలుగురు కొడుకులను కోల్పోయిన ఒక తండ్రి ముందు తల వంచుతున్నట్లే.

ఇక ఇటీవలి కాలానికి వస్తే, సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు కన్నవారిని తెలుగువారెవరూ మరువలేరు. తాను సైన్యంలో చేరాలన్న కోరిక తీరని తండ్రి, కుమారుణ్ణి ఆరవ తరగతిలోనే విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చేర్పించారు. అంటే ఆ ఇంట వీడ్కోలు పదేళ్ళు దాటీదాటని పసితనంలోనే మొదలయింది. తరువాత పుణెలోని జాతీయ రక్షణ అకాడమీకి, ఆపై 16 బిహార్ దళానికి, చివరకు లద్దాఖ్‌కు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో ఆయన అమరులయ్యారు. ఒక్కగానొక్క కొడుకు పోయినందుకు తల్లిగా దుఃఖిస్తున్నానని, దేశం కోసం ప్రాణమిచ్చినందుకు గర్విస్తున్నానని ఆ మాతృమూర్తి ఆనాడు పత్రికలవారితో అన్నారు. దుఃఖాన్ని ముందు చెప్పడానికి ఆమె సంకోచించలేదు. 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా కుమారుని మహావీర్ చక్రను అందుకున్నది ఆ తల్లీ, ఆయన అర్ధాంగీ.

మరొక ఇంటి కథ వలస వచ్చినవారికి మరీ దగ్గరిది. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కళ్ళితండాకు చెందిన మురళీ నాయక్ తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం ముంబయిలోని ఘాట్‌కోపర్‌లో కూలిపని చేస్తూ కొడుకును చదివించారు. అగ్నివీరుడిగా చేరిన ఆ యువకుడు 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజులలో, జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ వద్ద వీరమరణం పొందాడు. స్వగ్రామంలో అంత్యక్రియలకు వేలాది జనం తరలివచ్చారు. ఆ జనం రాకముందు, కొడుకు ఫోను కోసం ఒక మహానగరపు ఇరుకు ఇంట్లో ఆ దంపతులు ఎదురుచూసిన దినాలెన్నో ఉంటాయి. ఆ ఎదురుచూపులో తోడుగా నిలవవలసినవారు ఇరుగుపొరుగే.

పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరమనే ఊరుంది. ‘మిలిటరీ మాధవరం’ అని దానికి పేరు. మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి అక్కడి కుటుంబాలు తరతరాలుగా బిడ్డలను సైన్యానికి పంపుతున్నాయి. అటువంటి ఊళ్ళో ఒక తల్లికి నిద్ర పట్టకపోతే, అదే అనుభవం గడిచిన మరొక తల్లి పక్కింట్లోనే ఉంటుంది. కిన్వట్ నుంచో, ధర్మాబాద్ నుంచో, నిజామాబాద్, ఆదిలాబాద్‌ల నుంచో వచ్చి నాందేడ్‌లో అద్దె ఇంట్లో స్థిరపడిన కుటుంబానికి ఆ తోడు దొరకదు. పక్కింటివారు మంచివారే అయినా మరాఠీలోనో హిందీలోనో భయాన్ని చెప్పుకోవడం తేలిక కాదు. బజారులో బేరం పరభాషలో చేయవచ్చును. గుండెలోని దిగులు మాత్రం మాతృభాషలోనే బయటికి వస్తుంది.

ఈ ఎదురుచూపును కొంతైనా తేలిక చేసే సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఫోను మోగకపోవడాన్ని గురించి. సరిహద్దు స్థావరాలలో సెల్‌ఫోను సంకేతాలు అందకపోవచ్చు. అందినా వాడరాదని ఆజ్ఞ ఉండవచ్చు. కొడుకు రెండు వారాలు పలకకపోతే అది విధి నిర్వహణలో భాగమై ఉండే అవకాశమే ఎక్కువ. బయలుదేరేముందే “నా దగ్గరి నుంచి ఫోను రాకపోయినా కంగారు పడవద్దు” అని అతడు, “సరే” అని వీరు మాట ఇచ్చి పుచ్చుకోవడం మంచిది. సైనికునికి రాసే చిరునామాలో ఊరి పేరు కూడా ఉండదు. దళం పేరు, ఆపైన 56 ఏ.పి.ఓ. అనో 99 ఏ.పి.ఓ. అనో ఉంటుంది. కొడుకు ఎక్కడున్నాడో తెలియకుండానే ఉత్తరం రాసిన తల్లులు ఈ దేశంలో లక్షలాది మంది. ఎక్కడున్నావని గుచ్చి అడగకపోవడం కూడా అతనికి వారు చేసే సహాయమే.

రెండవది, వార్తలను గురించి. 2025 మే మొదటి పక్షంలో సెల్‌ఫోనులలో పాత దృశ్యాలు, కల్పిత వార్తలు ఎన్ని తిరిగాయో అందరూ చూశారు. సైనికుని ఇంట్లో అటువంటి ప్రతి సందేశమూ ఒక పిడుగే. రోజంతా టీవీ ముందు కూర్చోకుండా, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి నమ్మదగిన వార్తలు వింటే చాలును. విషాద సమాచారమేదైనా ఉంటే అది సైన్యం నుంచే అధికారికంగా కుటుంబానికి చేరుతుంది.

మూడవది, కాగితాలను గురించి. ఊరు మారి, రాష్ట్రం మారి వచ్చిన కుటుంబాలలో తండ్రి పేరు ఒక పత్రంలో తెలుగు ఉచ్చారణతో, మరొకదానిలో మరాఠీ ఉచ్చారణతో ఉండడం సాధారణం. సైన్యపు దస్తావేజులలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేర్లు ఒకే తీరుగా ఉన్నాయో లేదో కొడుకు సెలవులో ఉన్నప్పుడే సరిచూసుకోవాలి. నామినీ పేరు అడగడం అశుభమని కొందరు వెనుకాడతారు. పొలానికి పాసుపుస్తకం అడిగినట్లే ఇదీ అడగవచ్చు. స్వగ్రామంలో సైనికుని పేర భూమి తగాదా నడుస్తుంటే, అతడు యుద్ధ పరిస్థితులలోనో అటువంటి ప్రత్యేక విధులలోనో ఉన్న కాలంలో విచారణ వాయిదా కోరే వీలు 1925 నాటి భారత సైనికుల దావాల చట్టంలో ఉంది. ఇటువంటి విషయాలలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చూపుతుంది. మరాఠీలో దానినే జిల్లా సైనిక్ కల్యాణ్ కార్యాలయ్ అంటారు. భాష రాదని వెనుకాడే పెద్దలకు తోడుగా వెళ్ళడం చదువుకున్న తెలుగు యువకుల పని.

ఇక ఇరుగుపొరుగు చేయవలసినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఇద్దరు కొడుకులు సైన్యంలో ఉన్న ఒక తండ్రి ఒక్కొక్కరికి ఒక్కొక్క నీలి నక్షత్రంతో చిన్న జెండా తయారు చేశాడు. త్వరలోనే ఆ దేశమంతటా సైనిక కుటుంబాలు తమ కిటికీలలో అటువంటి జెండాలు కట్టాయి. ఆ దారిన పోయేవారికి లోపల ఎవరో ఎదురుచూస్తున్నారని తెలిసేది. నాందేడ్‌లోని తెలుగు ఇళ్ళకు కిటికీ జెండాలు అక్కరలేదు. ఏ వీధిలో ఏ ఇంటి బిడ్డ సరిహద్దులో ఉన్నాడో తెలిసి ఉంటే చాలును.

ఆ ఇంటికి వెళ్ళినవారు “ఎంత అదృష్టవంతులు!” అని పొగిడి వచ్చేస్తే సగం పనే అవుతుంది. “మొన్న ఫోను వచ్చిందా?” అని అడిగి, వచ్చే జవాబును ఓపికగా వినాలి. తల్లి ఏడిస్తే “వీరమాతవు, ఏడవకూడదు” అని నోరు మూయించరాదు. పండుగనాడు ఆ వృద్ధ దంపతులను భోజనానికి పిలవాలి. కరెంటు బిల్లో, ఆసుపత్రి పనో పడితే కొడుకు వరసవాడు ఒకడు వెంట ఉండాలి. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుగుతోంది. ఆ రోజున విరాళమిచ్చి చొక్కాకు జెండా గుచ్చుకోవడంతో పాటు అటువంటి ఒక ఇంటి గడప తొక్కి రావడం ఎవరికీ భారం కాదు.

తెలుగువారు ఇల్లు విడిచేటప్పుడు “వెళుతున్నాను” అనరు, “వెళ్ళొస్తాను” అంటారు. రైలు మెట్టు మీద నిలబడిన కొడుకు కూడా ఆ మాటే అంటాడు. అతడు మళ్ళీ వచ్చేదాకా ఆ ఒక్క మాటను పట్టుకొని బతికే కన్నవారు ఈ నగరంలో ఒంటరిగా ఉండకూడదు. వారి వీధిలో తెలుగు మాట్లాడే మరొక ఇల్లు ఉంటే, వారి తలుపు తట్టవలసిన బాధ్యత ఆ ఇంటిదే.