పాత కారులో పట్టేసే యాక్సిలరేటరు
(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము, పద్యములు వినదలచి వచ్చినవారికి మేము కారు సంగతి చెప్పబూనడము వింతగానే ఉంటుంది. కార్యదర్శిగారు "మీకు తెలిసినదేదో చెప్పండి" అన్నారు. మాకు తెలిసినవి రెండే: పార్సెలు ఆఫీసులో రసీదులు వ్రాయడము, ఇంటి ముందున్న పాత కారును సంబాళించుకోవడము. రసీదుల గొడవ మీకెందుకు గనుక రెండవది ఎన్నుకున్నాము. మేము మెట్రిక్యులేషనుతో చదువు ఆపినవారము. సభలో ఇంజనీర్లు ఉంటే మా తప్పులను మన్నించి ఊరుకోరాదు, లేచి దిద్దాలి.

మన షోలాపురంలో మనవాళ్ల ఇళ్ల ముందు పాత బండ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నవి. అంబాసిడరు, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయినది. పద్మిని అంతకంటె ముందే పోయినది. అయినా కొన్ని తిరుగుతూనే ఉన్నవి. 2000 సంవత్సరానికి ముందటి పెట్రోలు బండ్లు చాలావరకు కార్బురేటరు బండ్లే. వాటిలో కాలికింది పెడలు తొక్కితే ఒక ఉక్కు తీగ (కొన్ని బండ్లలో కమ్మీలు) కార్బురేటరులోని చిన్న బిళ్లవంటి తలుపును తిప్పుతుంది. అదే థ్రాటిలు. తలుపు తెరిస్తే గాలి, గాలితోపాటు పెట్రోలు పోయి ఇంజను ఉరుకుతుంది. కాలు తీస్తే స్ప్రింగు ఆ తలుపును మూయాలి. మూయకపోతే ఏమవుతుందో మేము అనుభవించి తెలుసుకున్నాము.

రెండేండ్ల క్రిందట దసరా దినాలలో అమ్మను, మా ఇంటివారిని, ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకొని తుళజా భవాని దర్శనానికి బయలుదేరినాము. సుమారు 45 కిలోమీటర్ల దారి. తుళజాపురం ఎక్కుడు మొదలైన తరువాత ముందొక ట్రాక్టరు అడ్డమైతే మూడవ గేరులో గట్టిగా తొక్కి దాటినాము. దాటి కాలు తీసినాము. బండి తగ్గలేదు! పెడలు క్రిందనే ఉండిపోయినది. ఎదుట మలుపు. అమ్మ వెనకనుంచి, "ఏంది కొడుకా, అట్ల ఉరికిస్తున్నవు?" అన్నది. బ్రేకు తొక్కితే బండి బ్రేకుతో పెనుగులాడినది. అప్పుడు క్లచ్చి తొక్కి గేరు తీసివేసినాము. ఇంజను చెవులు చిల్లులు పడేటట్టు అరచినది గాని, చక్రాలు దాని చెప్పుచేతల్లోంచి బయటపడినవి. మెల్లగా ప్రక్కకు తెచ్చి నిలిపి, తాళం త్రిప్పి ఇంజను ఆపినాము. పిల్లలు ఇదంతా ఆట అనుకొని నవ్వుతున్నారు. మా ఇంటివారి చెయ్యి మా చొక్కాను పట్టుకొని ఉన్నది, చాలాసేపు వదలలేదు.

చెట్టు క్రింద అరగంట కూర్చున్న తరువాత పెడలు తొక్కి చూస్తే హాయిగా ఆడుతున్నది, ఏమీ ఎరగనట్టు!

మరునాడు మిస్త్రీ పదిసార్లు తొక్కి చూసినాడు. దోషము లేదు. తీగకు నూనె పోసి, కార్బురేటరు విప్పి పెట్రోలుతో కడిగి ఆరువందలు పుచ్చుకున్నాడు. స్టేషనుకు పోయి వచ్చినన్నాళ్లు బాగానే ఉన్నది. అక్కలకోట దారిలో మళ్లీ పట్టినది. ఈసారి గట్టి స్ప్రింగు వేసినాడు, మరొక ఆరువందలు. పెడలు బరువెక్కి పిక్కలు నొప్పి పెట్టినవి గాని జబ్బు పోలేదు. మిస్త్రీని తప్పు పట్టము. ఆయనకు రెండుసార్లూ చల్లారిన బండిని చూపించినది మేమే. అమ్మివేద్దామంటే మా ఇంటివారు, "కొన్నవాళ్లకు పిల్లలుండరా?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయినది.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పవలె. ఆయన కాబిన్లో లివరుమనిషిగా చేసి రిటైరయినారు. పాత రెక్క సిగ్నళ్లు మీలో చాలామంది చూసి ఉంటారు. కాబిన్లో లివరు లాగితే తీగ నేల వెంబడి కప్పీల మీదుగా వందల మీటర్లు పోయి రెక్కను దించేది. లివరు వెనక్కి వేస్తే బరువుగుండు రెక్కను తిరిగి ప్రమాద స్థానానికి తెచ్చేది. తీగ తెగినా రెక్క ప్రమాదమే చూపాలి, అది ఆ ఏర్పాటులోని తెలివి. కారులో స్ప్రింగు కూడా అంతే. తీగ తెగితే తలుపు మూసుకుంటుంది, బండి నిలిచిపోతుంది. కాని తెగడము వేరు, పట్టుకోవడము వేరు. తుప్పు పట్టిన కప్పీలో తీగ చిక్కితే బరువుగుండు కూడా ఏమీ చేయలేదు. అప్పుడు మా నాయన నూనెడబ్బా తీసేవారు కాదు. ముందు తీగ వెంబడి నడుస్తూ, ఒక్కొక్క కప్పీ దగ్గర చేత్తో ఎత్తి చూసేవారు. "పట్టిందెక్కడో తెలువకముందే నూనె పోస్తే జాడ పోతది బిడ్డా" అనేవారు. ఎండకు తీగ సాగుతుంది గనుక పొద్దున బాగున్న సిగ్నలు మధ్యాహ్నము సతాయించేదని కూడా చెప్పేవారు.

ఈ రెండు మాటలు జ్ఞాపకం వచ్చి ఒక ఆదివారము మా బావగారిని తోడు తీసుకొని బండిని వేడెక్కేదాకా నడిపినాము. పెడలు బద్ధకంగా లేవడము మొదలు కాగానే విశాలమైన చోట నిలిపి, ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, చల్లారకముందే బానెటు ఎత్తినాము. చేతులకు గుడ్డ చుట్టుకోవాలి సుమా, లోపల అంతా కాలుతూ ఉంటుంది. మేము తొక్కినాము, బావగారు చూసినారు. "తెరుచుకున్నది బావా, మూసుకుంటలేదు" అన్నారు. అప్పుడు తీగ కొనను కార్బురేటరు వద్ద తప్పించి, ఆ చిన్న లివరును వేలితో త్రిప్పి వదిలినాము. టక్కున మూసుకున్నది! అంటే కార్బురేటరు నిర్దోషి, పాత స్ప్రింగు కూడా నిర్దోషే. పన్నెండు వందలు వాటి పేరిట ఊరికే పోయినవి. తరువాత పెడలు వైపు కొన కూడా తప్పించి చూసినాము. పెడలు ఊయలవలె ఆడినది. మిగిలినది తీగ. లాగితే వస్తున్నది, తోస్తే పోవడము లేదు.

మా నాయనవలె తొడుగును వ్రేళ్లతో తడుముకుంటూ పోయినాము. ఇంజను వెనక ఒకచోట నల్లని తొడుగు వేడి గొట్టానికి ఆనుకొని, మెరుపు తేలి, బల్లపరుపుగా నొక్కుకొని ఉన్నది. లోపలి నైలాను పొర వేడికి మెత్తబడి తీగను పట్టుకుంటున్నది, చల్లారితే బిగిసి విడిచిపెడుతున్నది. అది గొట్టానికి ఎందుకు ఆనుకున్నది? దానిని దూరంగా పట్టి ఉంచే క్లిప్పు లేదు. క్లిప్పు ఎక్కడ ఉన్నది? మా పనిముట్ల పెట్టెలో ఉన్నది. అంతకుముందు ఏడాది గాలి గొట్టము మేమే మార్చుకొని, క్లిప్పు తీసి, మళ్లీ పెట్టడము మరచినాము. కొత్త తీగ ఖరీదు మిస్త్రీకి ఇచ్చిన డబ్బులో మూడవ వంతు కూడా కాలేదు. పాత స్ప్రింగు తిరిగి వేసి, తీగను క్లిప్పుతో దూరంగా కట్టినాము. అప్పటినుండి తుళజాపురం నాలుగుసార్లు పోయి వచ్చినాము.

అందరి బండ్లలో ఇదే జబ్బు ఉండదు. లివరు తానే టక్కున మూసుకోకపోతే దోషము కార్బురేటరులోనే. తలుపు ఇరుసు చుట్టూ నల్లని జిగురు పట్టి ఉండవచ్చు, ఇరుసు అరిగి తలుపు ఒరుసుకోవచ్చు, లేదా తలుపును ఆపే మర మరీ వెనక్కి త్రిప్పినందున తలుపు గోడలో ఇరుక్కోవచ్చు. పెడలు పూర్తిగా లేచి కూడా ఇంజను ఉరుకుతూ ఉంటే ముందు చోకు లాగి మరచినామేమో చూడాలి. తీగలో పోగు తెగడము మరొకటి. మరమగ్గాల దగ్గర పెరిగిన మనకు ఇది వేరే చెప్పాలా? తెగిన పోగు అచ్చులో చిక్కినట్టే, తెగిన ఉక్కు పోగు తొడుగు మూతిలో గుచ్చుకుంటుంది. అటువంటి తీగకు నూనె పనికిరాదు, మార్చవలసినదే. ఇంజను దిండ్లు అరిగిన బండ్లలో లోడు మీద ఇంజను ఒరిగి తానే తీగను లాగుతుంది. నిలిపి చూస్తే ఇది కనిపించదు.

అన్నిటికంటె ముందు చూడవలసినది కాలి క్రింది పట్టా. మన ఊళ్లో చద్దర్లకు కొదవ లేదు గనుక మడిచి పెడల్ల క్రింద పరిచే అలవాటు మనవాళ్లకు ఉన్నది. దయచేసి తీసివేయండి. 2009 ఆగస్టులో అమెరికాలో కాలిఫోర్నియాలో వేరే కారుకు చెందిన రబ్బరు పట్టా పెడలును పట్టివేసి నలుగురు చనిపోయినారు. అది పాత కారు కాదు.

దారిలో పట్టేస్తే చేయవలసినది ఆడవాళ్లు కూడా, ముఖ్యంగా బండి నేర్చుకుంటున్న పిల్లలు, వినాలి. క్లచ్చి తొక్కి గేరు తీసివేయాలి. ఇంజను అరుపుకు భయపడరాదు, అరవనివ్వండి. బ్రేకు ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టి ఉంచాలి. వదిలి వదిలి తొక్కరాదు. బ్రేకుకు వాక్యూము సాయము ఉన్న బండ్లలో థ్రాటిలు తెరిచి ఉండగా కొత్త వాక్యూము సరిగా పుట్టదు, ఉన్న నిలువ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. పాత రైళ్లలో వాక్యూము పోతే బ్రేకులు పడేవి. కారులో వాక్యూము పోతే సాయమే పోతుంది. బండి నిలిచిన తరువాతనే తాళము. పోతూ ఉండగా తాళము బయటికి లాగితే స్టీరింగు బిగుసుకుపోవచ్చు. కాలితో పెడలును పైకి ఎత్తవచ్చునేమో గాని చేత్తో అందుకోవడానికి వంగరాదు. వంగితే దారి కనబడదు.

ఆ పాత తీగను ఈ రోజు తెచ్చినాము, అధ్యక్షులవారి బల్ల మీద ఉన్నది. ప్రక్కన ఫ్లాస్కులో వేన్నీళ్లు ఉన్నవి. సభ అయిన తరువాత తీగను ముందు చల్లగా లాగి చూడండి, తరువాత ఆ నొక్కిన చోట వేన్నీళ్లలో ముంచి లాగి చూడండి. పిల్లలను కాస్త దూరంగా ఉంచండి, నీళ్లు బాగా కాగినవి.