సంతకానికి ముందు లెక్క

మా మనుమరాలు పొలిటికల్ సైన్సులో బి.ఏ. చదువుతానంది. ప్రైవేటు యూనివర్సిటీకి 7.5 లక్షల బ్యాంకు అప్పు, ష్యూరిటీ సంతకం నాది. పెట్టనంటే పిల్ల మనసు విరుగుతుంది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

పాత గుమాస్తాను కదా, లెక్క వేసి చూపించాను. 10 శాతం వడ్డీ, పదేళ్ల వాయిదాలైతే నెలకు సుమారు 9,900 రూపాయలు. చదువుకాలపు వడ్డీ అదనం. ఇంగ్లండులో జీతం ఒక పరిమితి దాటాకే కోత. ఇక్కడ గడువు తీరాక ఉద్యోగం రాకున్నా వాయిదా ఆగదు. మొదటి జీతం 20,000 అనుకుంటే సగం అప్పుకే.

"సబ్జెక్టు మానను తాతయ్యా, కాలేజీ మారుస్తాను" అంది. ప్రభుత్వ కళాశాలలో చేరింది.

మిత్రులారా, చదువును కాదనకండి. అప్పును మాత్రం మొదటి జీతంతో తూచండి. సెలవు.