స్థలమును బట్టి మారు విలువలు



కంప్యూటరు పనికై హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో పిల్లలను పంపని వీధి మన గ్రామములలో నేడు అరుదు. వారు తమ ల్యాప్‌టాపు మీద వ్రాసిన ప్రోగ్రాము మరునాడు దూరమందలి పెద్ద యంత్రశాలలో నడచును. అద్దెకిచ్చు ఆ యంత్రశాలలకే క్లౌడు అని పేరు. పేరు మేఘమే కాని, ఉండుట భూమి మీదనే. చోటు మారినను ప్రోగ్రాము మారకుండుటెట్లు? నా పూర్వశిష్యుల వలన విని, నాకు తెలిసిన దానితో పోల్చుకొని గ్రహించిన సంగతిని మనవి చేసెదను.

పురోహితుడు సంకల్పము చెప్పించుట మీరెరిగినదే. పాఠమందరికిని ఒక్కటే. నది, సంవత్సరము, తిథి, గోత్రము మాత్రము దేశకాలములను, కర్తను బట్టి మారును. అందుచే అచ్చుపుస్తకమున ఆ తావులను ఖాళీగా విడుతురు. ఒకరి గోత్రమునే అందు అచ్చొత్తించినచో ఆ పుస్తకము రెండవ యింట పనికిరాదు.

ప్రోగ్రామునను ఇట్టి తావులు కలవు. లెక్కలు దాచు డేటాబేసు ఎచ్చటనున్నది, దాని పాస్‌వర్డు ఏది యనునవి చోటును బట్టి మారును. కావున ప్రోగ్రామున పేర్లు మాత్రము వ్రాసి, విలువలను అది నడచుచోటనే యుంచుదురు. వీనికే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వ్యవహారము. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పు నుండియు ఈ యేర్పాటు కలదు. 2011 ప్రాంతమున హెరోకు సంస్థకు చెందినవారు ప్రకటించిన పన్నెండు సూత్రములలో మూడవది యిదియే. వారు చెప్పిన పరీక్ష చక్కనిది: ప్రోగ్రామునంతయు ఈ క్షణమున లోకమునకు వెల్లడించినను ఒక్క రహస్యమైనను బయటపడరాదు.

ఇంట పనిచేయునపుడు విలువలను డాట్ ఎన్వ్ అను చిన్న ఫైలులో నుంచుకొందురు. ప్రోగ్రాము ప్రతులను భద్రపరచు గిట్ అను దస్త్రమున దీనిని చేర్చరాదు. తోడిపనివారి కొరకు పేర్లు మాత్రముండి విలువలు లేని మరియొక ఫైలు చేర్చవలెను. అదియే ఖాళీలు విడిచిన సంకల్పపుస్తకము. క్లౌడులోనైతే విలువలను రహస్యపేటికలో భద్రపరచి, ప్రోగ్రాము మొదలగునపుడు అందింతురు. తరువాత విలువ మార్చినచో సాధారణముగా ప్రోగ్రామును మరల మొదలిడవలెను. ఇంటికొక తాళపుచెవి, క్లౌడునకు వేరొకటి యుండవలెను. లేనిచో ఇంట పరీక్షకై చెరిపినది ఖాతాదారుల అసలు లెక్కయే కావచ్చును. ఏదేని విలువ లోపించినచో ప్రోగ్రాము ఊహించుకొని నడువక, మొదటనే ఆగి ఆ పేరు చెప్పవలెను. గోత్రము తెలియనిచో అడుగుట మేలు కాని, తోచినది చెప్పుట మేలా?

ఇది చాదస్తమని యెంచవలదు. 2016లో ఊబరు సంస్థవారి ప్రోగ్రాములున్న గిట్‌హబ్ దస్త్రములో దుండగులు చొరబడిరి. అది అందరికి తెరచినది కాదు, సొంతదస్త్రమే. అయినను అందు వ్రాసియున్న తాళపుమాటలతో వారు అమెజాను క్లౌడులోని గిడ్డంగిని తెరచి, సుమారు 5 కోట్ల 70 లక్షల మంది వివరములను కొనిపోయిరి. ఆ సంగతి 2017 నవంబరులో గాని లోకమునకు తెలియలేదు.

మరియొక మాట. గిట్ పాతప్రతులనెల్ల దాచియుంచును గాన, ఒకసారి చేరిన రహస్యము పైపై తుడిచినంతమాత్రమున పోదు. తాళపుచెవికి నకలు పోయినదని తెలిసినపుడు తాళమునే మార్చవలెను.

సెలవులకు వచ్చిన మనుమని మీరిట్లడుగుడు: "నాయనా, నీ తాళపుచెవి గ్రంథములో నున్నదా, పేటికలో నున్నదా?" అతడు తడుముకొన్నచో, ఆ పూటకు మీరే గురువులు.