కొట్టూ మనదే, ఫోనూ మనదే

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. మేము ఇక్కడ ఒక్క విషయమే మాట్లాడదలిచాం. అది అమ్మకం. అప్పు తెచ్చుకోవడం మనకు వచ్చు, తిరిగి కట్టడం కూడా వచ్చు. కానీ తెచ్చిన అప్పుతో చేసిన సరుకు అమ్ముడుపోతేనే కదా కిస్తీ కట్టేది! పచ్చడి జాడీలోనే, కారప్పొడి డబ్బాలోనే ఉండిపోతే అది డబ్బు కాదు, వడ్డీ పెరుగుతున్న అప్పు.

గ్రామ సంఘాల సమావేశాల్లో ఈమధ్య రెండు మాటలు వినిపిస్తున్నాయి. "జనం అంతా ఫోన్‌లోనే కొంటున్నారు, ఇక మార్ట్ దేనికి, అద్దె, కరెంటు బిల్లు దండగ" అని కొందరు. "ఫోన్ వ్యాపారం చదువుకున్నోళ్ల పని, అది వస్తే మార్ట్ గిరాకీ పోద్ది" అని ఇంకొందరు. రెండూ సగం సగం మాటలే అని మేము అనుకుంటున్నాం. కొట్టు చేసే పని ఫోన్ చేయలేదు, ఫోన్ చేసే పని కొట్టు చేయలేదు. రెండింటినీ ఒకే లెక్క కిందకు తెచ్చుకోవడమే మనం నేర్చుకోవాల్సింది.

వెనక్కి తిరిగి చూస్కోండి. 1982లో డ్వాక్రా పథకం మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లు చేసిన సరుకు వారపు సంతలో అమ్మాం, డ్వాక్రా బజార్లలో అమ్మాం, సరస్ మేళాలకు మోసుకెళ్లి అమ్మాం. 2016లో యూపీఐ వచ్చింది, ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంటోంది. కొత్త దారి వచ్చిందని పాత దారిని మూసేయలేదు. సంత ఇప్పటికీ సంతే.

ఆత్రేయపురం పూతరేకులు చూడండి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు ఎంత పలచనో, నెయ్యి వాసన ఎలా ఉందో ఫోన్‌లో తెలీదు. నోట్లో పెట్టుకుంటేనే తెలుస్తుంది. కొట్టు దగ్గర ఒకసారి రుచి చూసిన మనిషి రెండోసారి అంత దూరం రానక్కర్లేదు, ఫోన్ చేసి కొరియర్లో తెప్పించుకోవచ్చు. నమ్మకం కొట్టు దగ్గర పుడుతుంది, మళ్లీ కొనడం ఫోన్ వల్ల తేలికవుతుంది.

మరి పెద్ద ఆన్‌లైన్ వేదికల్లోనే పెడితే పోలా అని అడుగుతున్నారు. పెట్టొచ్చు. గ్రామీణాభివృద్ధి శాఖ వారి ఈ-సరస్ ఉంది, ఓఎన్‌డీసీ ఉంది, ప్రైవేటు వేదికలు ఉన్నాయి. మన ఊరి పేరు తెలియని వాళ్లకు కూడా మన సరుకు కనపడుతుంది, అది లాభమే. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. ప్రైవేటు వేదికల మీద కొన్నవాళ్లు మామూలుగా ఆ వేదిక ఖాతాదారులుగానే ఉంటారు. వాళ్ల నంబరు మన పుస్తకంలోకి రాదు. మార్ట్‌కు వచ్చినావిడ, మేళాలో కొన్నాయన మాత్రం మనవాళ్లు. వాళ్లను అడిగి, ఇష్టమైతే నంబరు రాసుకుంటే, కొత్తావకాయ వచ్చిన రోజు ఒక్క మెసేజీతో కబురు చేరుతుంది. ఆ నంబర్ల పుస్తకం కూడా మన ఆస్తే.

ఇప్పుడు లెక్క. అర్థం కావడానికి వేసుకున్న అంకెలివి, ఎవరి ఊరి ధరలు వాళ్లు వేసుకోండి. అరకిలో పచ్చడి సీసా ధర 200. సరుకు, సీసా, కూలి కలిపి ఖర్చు 140. మార్ట్‌లో అమ్మితే మార్ట్ వాటా 20 పోగా సభ్యురాలికి 40 మిగులుతుంది. అదే సీసా ఒక్కటే ఆన్‌లైన్‌లో అమ్మితే? కమీషన్ 30, అట్టపెట్టె, ప్యాకింగ్ 20, కొరియర్ 60 అనుకుందాం. 140కి ఇవి కలిపితే 250. అమ్మిన ధర 200. అంటే 50 నష్టానికి అమ్మి, "ఆర్డర్ వచ్చింది" అని సంబరపడ్డట్టు. సీసా దారిలో కారితే, సరుకు వెనక్కి వస్తే ఆ నష్టం వేరే.

అదే నాలుగు సీసాలు ఒకే పెట్టెలో, మన నంబరుకే వచ్చిన ఆర్డర్ అనుకోండి. 800 వస్తుంది. ఖర్చు 560, పెట్టె 40, కొరియర్ 120 పోతే 80 మిగిలింది. కొరియర్ డబ్బు కొన్నవాళ్లే పెట్టుకుంటే 200. ఫోన్ వ్యాపారంలో లాభం ఉందా లేదా అన్నది ఫోన్‌లో లేదు, పెట్టె ఎంత నిండిందన్న దాంట్లో ఉంది.

మూడో దారి ఇంకోటి ఉంది, మనకు అన్నిటికన్నా దగ్గరిది. మన పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉంటున్నారు. అమ్మానాన్న ఇక్కడున్నారు. కొడుకు అక్కడి నుంచి ఫోన్‌లో డబ్బు పంపుతాడు, ఆ తల్లి మార్ట్‌కొచ్చి బియ్యం, పప్పు, నూనె పట్టుకెళ్తుంది. నడవలేకపోతే మన సభ్యురాలే ఇంటికి చేర్చి రావచ్చు. కొరియర్ లేదు, కమీషన్ లేదు. పెద్ద కంపెనీ మన వీధికి రావాలంటే బండి కావాలి, మనిషి కావాలి, అడ్రసు వెతకాలి. మనం ఆ వీధిలోనే ఉంటున్నాం. ఈ బలం మనకు తప్ప ఎవరికీ లేదు.

కొన్ని కట్టుబాట్లు తప్పవు. తినే సరుకు ఏది అమ్మినా ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. తూకం, ధర, తయారైన తేదీ, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు కూడా ఉండాలి. జీఎస్టీ సంగతి: 2023 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ పరిమితి లోపున్న చిన్న అమ్మకందార్లు రిజిస్ట్రేషన్ లేకుండానే, ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, ఆన్‌లైన్ వేదికల మీద సొంత రాష్ట్రంలో సరుకు అమ్ముకోవచ్చు. ఆ వేదికల మీద పక్క రాష్ట్రానికి పంపాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్ మనకు పుట్టిల్లులా అనిపించినా, పన్ను లెక్కలో పక్క రాష్ట్రమే అని మర్చిపోవద్దు.

డబ్బు విషయంలో జాగ్రత్త. మనకు డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. "ఆర్డర్ డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. స్క్రీన్ షాట్ చూసి సరుకు ఇవ్వొద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకుని ఇవ్వండి.

వచ్చే ఏడాదికి మేము మహాసభ ముందు పెడుతున్న ప్రతిపాదనలు ఇవి.

1. మార్ట్‌కు, ఫోన్ అమ్మకానికి కలిపి ఒకటే స్టాక్ రిజిస్టరు. పది సీసాలుంటే అక్కడ పది, ఇక్కడ పది అని ఇద్దరికి మాటివ్వకూడదు.

2. సీసా ధర ఎక్కడైనా ఒకటే. కొరియర్ ఖర్చు విడిగా చెప్పాలి.

3. నాలుగు సీసాలకు తక్కువైతే కొరియర్ లేదు, మార్ట్ నుంచి తీసుకెళ్లాలి.

4. ఆర్డర్లు చూసే సభ్యురాలికి వాటా ఇవ్వాలి. ఫోన్ పట్టుకుని కూర్చోవడం కూడా పనే. ఉత్త సేవ కింద జమకట్టొద్దు.

5. డబ్బు సంఘం ఖాతాలోకే రావాలి, ఏ ఒక్కరి సొంత నంబరుకూ కాదు. వచ్చిన ఆర్డర్ ఏ గ్రామ సంఘానికి వెళ్లిందో నెలనెలా సమావేశంలో చదవాలి. పెద్ద ఊళ్ల సంఘాలకే అన్నీ పోయి, చివరి ఊరి సంఘం చూస్తూ కూర్చోకూడదు.

ఈ అయిదో మాట మీద గట్టిగా చర్చ జరగాలని మా కోరిక. అందరం కలిసి పొదుపు చేసి తెచ్చుకున్న బలం ఇది. ఫోన్ ఒకరి చేతిలో ఉన్నా, అమ్మకం అందరిదీ కావాలి. మీ ఊళ్లకు వెళ్లి సంఘాల్లో చదివి వినిపించండి, ఒప్పుకోని చోట ఒప్పుకోమని చెప్పండి, మార్పులు రాసి పంపండి. ఆపైనే తీర్మానం చేద్దాం.