చిన్న ట్యాంకు, కంటికి కనపడని మేత

పోయిన ఎపిసోడ్ విని సర్రే నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఫెదర్ డస్టర్ పురుగు కొన్నాను, దానికేం పెట్టాలి?" అడిగి మంచి పని చేశాడు. నేను అడగలేదు.

మా బేస్‌మెంట్ గదిలో 75 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. మొదట్లో అందులోకి ఫ్లేమ్ స్కాలప్ తెచ్చాను. ఆల్చిప్పలాంటిదే, నోరు తెరిస్తే లోపల ఎర్రగా నిప్పులా ఉంటుంది. చేపల మేత కాస్త ఎక్కువేస్తే అదీ తింటదిలే అనుకున్నా. రెండో నెలలో చిప్ప మిగిలింది. చేపకి ఆకలేస్తే అద్దం దగ్గరకొస్తుంది. ఇది కదలదు, మెదలదు. చచ్చేదాకా బాగున్నట్టే కనపడింది.

ఇవి నీళ్ళు వడకట్టుకుని బతికే జీవులు. ఇక్కడ కొట్లలో మసెల్స్ చూసే ఉంటారు, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌వి. వల గొట్టాల్లో పోసి తాళ్ళకి వేలాడదీస్తారు, మేత ఎవరూ వెయ్యరు. సముద్రమే తెచ్చిస్తుంది. పెద్ద మసెల్ ఒకటి గంటకి లీటరు పైనే నీళ్ళు వడకడుతుంది. మరి నా ట్యాంకులో ఉన్నదే 75 లీటర్లు, అందులో ఉన్న కాస్త నలుసునీ ఫిల్టరు ముందే లాగేస్తది!

మా కాకినాడ వైపు రొయ్య పిల్లల హేచరీల్లో కీటోసిరాస్ అనే నాచుని విడిగా లైటు, గాలి పెట్టి పెంచి పోస్తారు. పిల్ల నోటికి పట్టాలి, నీళ్ళలో తేలుతూ ఉండాలి. మనకీ లెక్క అదే. సీసాలో ఫైటోప్లాంక్టన్ దొరుకుతుంది. నానోక్లోరాప్సిస్ సుమారు 2 మైక్రాన్లు, టెట్రాసెల్మిస్ 10 మైక్రాన్ల చుట్టుపక్కల. రెండూ కలిసింది తీసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ ఊపాలి. కుళ్ళు వాసనొస్తే పారబోయడమే, డబ్బులు పోయాయని చూడొద్దు.

పోసేముందు స్కిమ్మరు, ఫిల్టరు అరగంట ఆపండి. నీళ్ళు తిప్పే పంపు మాత్రం ఆడాలి. సిరంజితో జీవికి కాస్త ఎగువన మెల్లగా వదలండి. మీదే కొడితే డస్టర్ గొట్టంలోకి ముడుచుకుపోతుంది, మేత వృథా. అరగంటయ్యాక అన్నీ మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోకండి. నేనొకసారి మర్చిపోయి డ్యూటీకెళ్ళిపోయా.

సీసా మీద రాసిన దాంట్లో సగంతో మొదలెట్టండి. డ్యూటీకి ముందు కొంచెం, వచ్చాక కొంచెం. ఆదివారం ఒక్కసారే గుమ్మరిస్తే, తినగా మిగిలింది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. పస్తు మెల్లగా చంపితే అది ఒక్క రాత్రిలో చంపుతుంది. వారానికోసారి నైట్రేట్ టెస్టు చేసి, పెరుగుతుంటే తగ్గించండి.

తమ్ముడూ, డస్టర్ కిరీటం రాలిపోతే చచ్చిందని పారెయ్యకు. గొట్టంలో పురుగు బతికుంటే మళ్ళీ మొలుస్తుంది. కొత్తది ప్రతిసారీ చిన్నదవుతుంటే మాత్రం మేత చాలట్లేదని అర్థం. ఫ్లేమ్ స్కాలప్ ఎంత ముద్దొచ్చినా కొట్లోనే వదిలెయ్. వడకట్టుకు తినేదే ఇంకోటి కావాలంటే పోర్సిలీన్ పీత తెచ్చుకో. నోటి దగ్గరి విసనకర్రల్లాంటి అవయవాలు ఊపుతూ నీళ్ళలో మేత పట్టుకుంటుంది, చేపలు వదిలిన ముక్కలూ తింటుంది. నా దగ్గరున్నది రాత్రి లైటు ఆపాక కూడా ఊపుతూనే ఉంటుంది.