మిగిలిన మూడు ఆదివారాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు దానికి అండగా నిలిచారు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు అక్కడ తిండి, నీడతో పాటు చదువుకోవడానికి పుస్తకాలూ దొరికాయి. ఒకే కప్పు కింద చదువుకున్నవాళ్లు అన్నదమ్ములయ్యారు.

మన సంఘం విద్యార్థి శాఖదీ అదే దారి. వరండాలో చాపల మీద మొదలైన పదో తరగతి ఆదివారం పాఠాలు ఇప్పుడు గదిలో, బోర్డు ముందు సాగుతున్నాయి. మొదట ఇక్కడ చదువుకున్న పిల్లలే కాలేజీలో చేరాక వచ్చి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు లెక్కలు చెబుతున్నారు. వాళ్లకిప్పుడు ఉద్యోగాలొచ్చి ఊరు దాటుతున్నారు. వచ్చే జూన్ నుంచి లెక్కలు చెప్పేవారు లేరు.

మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. నా పదో తరగతి పరీక్ష ఫీజు గడువు జీతం రోజుకు ముందే వచ్చింది. ఒక సీనియర్ అన్న కట్టాడు. తరవాత తిరిగివ్వబోతే, "నీ వెనక వచ్చేవాడికివ్వు" అన్నాడు. ఏటా సంఘానికి చెక్కు రాసి, ఆ బాకీ తీరిందనుకున్నాను.

మొన్న ఆ గదికి వెళ్లి ఒక లెక్క చెప్పాను. ఓ పిల్లవాడు, "సార్, మళ్లీ ఎప్పుడొస్తారు?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

విరాళాలు ఇవ్వండి; పుస్తకాలకు, కరెంటు బిల్లుకు కావాలి. దాంతోపాటు నెలకో ఆదివారం కూడా ఇవ్వండి. మొదటి ఆదివారానికి నా పేరు రాయించాను. మిగిలిన మూడూ ఖాళీగా ఉన్నాయి.

సెలవు.