ముందుగా మేలుకొందము
(మన సంఘ మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. బళ్ళారిలో బియ్యపు వర్తకము చేయువాడను. నా చదువు యెస్సెల్సీతో ముగిసినది. అయినను ఈ విషయము మాట్లాడుటకు నాకొక కారణము గలదు. నా చెల్లెలికి వెన్నెముక మూతపడని శిశువు పుట్టి, దక్కలేదు. గ్రహణ దోషమని ఇంటిల్లిపాదియు ఆమెనే నిందించిరి. నేనును ఊరకుంటిని. ఫోలిక్ ఆమ్లపు కొరత వలన ఇట్లు జరుగవచ్చునని తరువాత తెలిసినది.

ఆ విటమిను మనకు పరాయిది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా, 1945లో వారి బృందము దానిని కృత్రిమముగా తయారుచేసినది. అది మొదట రక్తహీనతకు మందయినది. పూర్వమిట్టి శిశువును కన్న తల్లులు గర్భధారణకు ముందునుండియే దానిని సేవించినచో, మరల అట్టి ప్రమాదము నూటికి 72 వంతులు తగ్గునని 1991లో వెలువడిన బ్రిటిషు పరిశోధన నిరూపించినది.

ఇందు ముఖ్యమైనది కాలము. పిండము ఏర్పడిన 28 దినములలోపల వెన్ను, మెదడులకు మూలమైన నాళము మూసికొనవలెను. అప్పటికి పెక్కుమంది తల్లులకు గర్భము సంగతియే తెలియదు. నెల తప్పిన పిదప మాత్ర తెచ్చుట, వరద వచ్చిన పిదప గట్టు వేయుట వంటిది.

ఇక నా సరకు సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మీదట చౌకధరల దుకాణములకు పోషకములు చేర్చిన బియ్యము వచ్చినది. నూరు గింజలకు ఒక్కటి చొప్పున కలిపిన ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని కొందరు ఏరి పారవేయగా చూచితిని. అవి బియ్యపు పిండితో చేసినవే, పారవేయకుడు. కాని వర్తకుని లెక్క కూడ వినుడు. అట్టి బియ్యము కిలోకు ఫోలిక్ ఆమ్లము 75 మొదలు 125 మైక్రోగ్రాములు. స్త్రీకి కావలసినది దినమునకు 400. కావున అన్నము, పాలకూర, పెసలు తినుచునే మాత్రయు వేసికొనవలెను. పూర్వమిట్టి శిశువును కన్నవారికి మోతాదు పది రెట్లు; అది వైద్యుని సలహాపైననే.

శ్రావణమున మన ఇండ్ల పెండ్లిండ్లు జరుగును. చీరసారెలకు మనము లెక్క చూడము. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు, కోడలిని తెచ్చుకొన్నప్పుడు, వైద్యునడిగి ఈ చిన్న మాత్రను కూడ ఇప్పింపుడు. మరి ఎవరి ఇంటనైన అట్టి శిశువు జన్మించినచో, తల్లిని నిందింపకుడు. నేను చేసిన తప్పు మీరు చేయకుడని నా ప్రార్థన.